చాబీ తిప్పేదా, బటన్ నొక్కేదా: కారు బుక్ చేసే ముందు తేల్చుకోవాల్సిన లెక్క

పోయిన నెల మా చిన్నాయన కారు కొందామని నల్గొండలో షోరూంకు పోయి, ఏదీ తేలక తిరిగొచ్చాడు. మోడల్ ఒకటే, ఇంజనూ ఒకటే, రంగు కూడా ముందే అనుకున్నదే. ఒక వేరియంట్‌కు చాబీ పెట్టి తిప్పాలి. ఇంకోదానికి చాబీ జేబులో ఉంటే చాలు, పిడి ముట్టుకుంటే డోరు తెరుచుకుంటుంది, బటన్ నొక్కితే బండి స్టార్ట్ అవుతుంది. ధరలో తేడా లక్ష దగ్గర. "గింత బటన్‌కు లక్ష రూపాయలా రా?" అన్నాడు.

లక్ష ఆ బటన్ ఒక్కదానికే కాదు. అలాయ్ చక్రాలు, ఆటోమేటిక్ ఏసీ లాంటివి దాంతోపాటు కట్టగట్టి వస్తాయి. చాలా మోడళ్లలో బటన్ ఒక్కటే విడిగా ఇవ్వమంటే ఇవ్వరు. అందుకే చిన్నాయన లాంటివాళ్లు అక్కడ ఇరుక్కుంటారు.

నేను పదేళ్లు చాబీ కారు నడిపాను, నాలుగేళ్లుగా బటన్ కారు నడుపుతున్నాను. అయినా నా ఒక్కడి మాట చాలదని మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపే బావను, మహబూబ్‌నగర్‌లో టీచర్‌గా చేసే వదినెను, జడ్చర్లలో కిరాయి బండ్లు తిప్పే దోస్తును అడిగాను. ముగ్గురూ మూడు రకాల కారణాలు చెప్పారు. ఎవరి బండి ఎట్లా వాడతారో తెలుసు కాబట్టి ముగ్గురి మాటా నిజమేనని నాకు తెలుసు.

ముందు మాటల తికమక వదిలించుకుందాం

బ్రోచర్‌లో "కీలెస్ ఎంట్రీ" అని కనిపించగానే బటన్ స్టార్ట్ ఉన్నట్టే అనుకోకండి. మన దగ్గర చాలా కంపెనీలు చాబీ మీద ఉండే లాక్, అన్‌లాక్ రిమోట్‌ను కూడా ఆ పేరుతోనే రాస్తాయి. జేబులోంచి తీయకుండానే డోరు తెరిచేది కావాలంటే "స్మార్ట్ కీ", "పుష్ బటన్ స్టార్ట్" అన్న మాటలు వెతకాలి. అవి ఉన్నా ఆగకండి. డోరు పిడి మీద చిన్న నల్ల బటన్ గానీ సెన్సర్ గానీ ఉందేమో చూడాలి. ఉంటే డ్రైవర్ వైపే ఉందా, ఎడమ వైపు డోరుకూ డిక్కీకీ కూడా ఉందా అన్నదీ చూడాలి. కొన్ని బండ్లలో ఒక్క వైపే ఉంటుంది. సామాన్లతో వచ్చి ఎడమ వైపు నిలబడితే అప్పుడు తెలుస్తుంది ఆ తేడా.

అంటే మన ముందున్నవి నాలుగు: రిమోట్ ఉన్న మామూలు చాబీ, జేబులో ఉంటే చాలనే స్మార్ట్ కీ, ఫోన్‌నే చాబీ చేసే డిజిటల్ కీ, బయట షాపులో బిగించే కిట్.

దేన్ని బట్టి తేల్చుకోవాలి

షోరూంలో చూపించేది సుఖం. బటన్ నొక్కగానే మీటర్ వెలుగుతుంది, మనసు కూడా వెలుగుతుంది. ఇంటికొచ్చాక లెక్కకొచ్చేవి వేరే ఉంటాయి. వాటిలో మొదటిది, నా దృష్టిలో మిగతా అన్నిటికన్నా పెద్దది: ఆ కారు ఎన్ని చేతులు మారుతుంది? మీరొక్కరే నడుపుతారా, ఆలుమగలు ఇద్దరూ నడుపుతారా, కొడుకు, అల్లుడు, పెళ్లిళ్ల సీజన్‌లో పిలిపించుకునే డ్రైవర్ కూడా నడుపుతారా?

తర్వాత చూడాల్సింది చాబీ పోతే, సెల్లు అయిపోతే మీరు ఎక్కడ ఉంటారన్నది. ఊర్లో ఉన్నప్పుడు వేరు, నల్లమల అడవి మధ్యలో వేరు. బండి రాత్రిపూట ఎక్కడ నిలబడుతుంది, చేతులు, మోకాళ్లు ఎంత సహకరిస్తాయి అన్నవి ఆ తర్వాత.

| చూడాల్సింది | రిమోట్ ఉన్న చాబీ | స్మార్ట్ కీ, బటన్ | ఫోన్ కీ |
|---|---|---|---|
| చేతులు మారే ఇల్లు | ఏ ఇబ్బందీ ఉండదు | ఎవరి జేబులో ఉందో మరిచిపోతారు | ఫోన్ నుంచి ఫోన్‌కు పంపొచ్చు, పెద్దవాళ్లకు కష్టం |
| సెల్లు అయిపోతే | చాబీతో తెరిచి, తిప్పి నడుపుకోవచ్చు | లోపలి ఇనుప చాబీ, బటన్‌కు ఆనించే ఉపాయం తెలియాలి | ఫోన్ ఆగిపోతే కంపెనీ ఇచ్చే కార్డు గానీ మామూలు చాబీ గానీ కావాలి |
| పోతే అయ్యే ఖర్చు | తక్కువ | కారును బట్టి ఐదారు వేల నుంచి పదిహేను, ఇరవై వేల దాకా | ఫోన్ మారిస్తే మళ్లీ జత చేసుకోవాలి |
| నీళ్లు, బురద | ఇనుప భాగానికి ఏం కాదు | తడవకూడదు | ఫోన్‌కు ఉన్న భయమే |
| చేతుల్లో సంచులు, పిల్లలు | చాబీ తీయక తప్పదు | ఇక్కడే దీని గొప్ప | బాగుంటుంది, కొన్నిట్లో ఫోన్ ఆనించాలి |

జేబులోని చాబీ: సుఖమూ, నా కథా

ఇది పని చేసే తీరు తెలిస్తే సగం తిప్పలు తప్పుతాయి. డోరు పిడి మీది బటన్ నొక్కగానే కారులోని యాంటెన్నాలు 125 కిలోహెర్ట్జ్ దగ్గర బలహీనమైన పిలుపు పంపుతాయి. అది మీటరు, మీటరున్నర దూరం పోతుంది, అంతే. జేబులోని చాబీ ఆ పిలుపు విని, మన దగ్గరి కార్లలో ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్ దగ్గర, రహస్య కోడ్‌తో బదులిస్తుంది. కోడ్ సరిపోతే తాళం తెరుచుకుంటుంది. లోపల కూర్చుని మాన్యువల్‌లో క్లచ్, ఆటోమేటిక్‌లో బ్రేక్ తొక్కి బటన్ నొక్కితే మళ్లీ అదే సంభాషణ, ఇంజన్ స్టార్ట్.

ఇందులో కీలకమైన సంగతి ఒకటుంది. ఇంజన్ నడుస్తుండగా చాబీ బండి దిగి వెళ్లిపోయినా ఇంజన్ ఆగదు. ఆగితే నడిరోడ్డు మీద ప్రమాదం కాబట్టి అట్లా పెట్టారు. కీచుమని అరుస్తుంది, మీటర్లో ఒక గుర్తు చూపిస్తుంది, అంతటితో సరి.

రెండేళ్ల కింద మా ఇంటామె నన్ను నల్గొండ బస్టాండ్‌లో దించడానికి వచ్చింది. అక్కడిదాకా నడిపింది నేనే. దిగి హైదరాబాద్ బస్సెక్కాను, ఆమె డ్రైవర్ సీట్లోకి మారింది. కారు అరిచింది. సీటు బెల్టు గోల అనుకున్నాం ఇద్దరం. ఆమె ప్రకాశం బజార్‌కు పోయి, బండి బంద్ చేసి, లోపలి లాక్ మీట నొక్కి డోరు వేసి, కూరగాయలు కొనుక్కొచ్చింది. బస్సు చిట్యాల దాటుతుంటే ఫోన్. "బండి తెరుచుకుంటలేదు, చాబీ ఏడుంది?" చొక్కా జేబు తడుముకుంటే నా దగ్గరే ఉంది.

ఇంట్లో రెండో చాబీ ఉందిగా అనుకున్నాం. ఆమె ఆటోలో పోయి తెచ్చింది. రెండేళ్లుగా బీరువాలో పడున్నది, సెల్లు చచ్చిపోయింది. ఇక ఫోన్‌లో నా పాఠం మొదలైంది. చాబీ పక్కనున్న చిన్న మీట నొక్కితే లోపలినుంచి ఇనుప చాబీ వస్తుంది. దాంతో డ్రైవర్ డోరు తెరవాలి. (రిమోట్‌తో లాక్ చేసిన బండయితే ఇట్లా తెరవగానే చాలావాటిలో అలారం మోగుతుంది, స్టార్ట్ చేస్తే ఆగుతుంది.) లోపల కూర్చుని చచ్చిన చాబీని బటన్‌కు ఆనించి పట్టుకుని, క్లచ్ తొక్కి నొక్కమన్నాను. స్టార్ట్ అయింది. చాబీలోని చిప్‌కు సెల్లు అక్కర్లేదు, దగ్గరగా ఆనిస్తే కారే దానికి కావాల్సినంత కరెంటు ఇస్తుంది. ఎక్కడ ఆనించాలన్నది కారును బట్టి మారుతుంది. చాలావాటిలో బటన్‌కే, కొన్నింటిలో దానికోసం ఒక అర ఉంటుంది. మాన్యువల్‌లో ఆ ఒక్క పేజీ ఫోటో తీసి ఇంట్లో నడిపే అందరి ఫోన్లలో పెట్టండి.

ఆ రోజు తిట్లు తిన్నా, ఈ కారు వదలబుద్ధి కాలేదు. చంకలో పిల్ల, చేతిలో సంచి, నెత్తిన ఎండ ఉన్నప్పుడు చాబీ కోసం వెతుక్కోకపోవడం చిన్న సుఖం కాదు. మే నెలలో నల్గొండ ఎండ 44 డిగ్రీలు దాటిన రోజుల్లో, ఆ అరనిమిషం కూడా లెక్కే. మహబూబ్‌నగర్ వదినెకు చేతివేళ్ల కీళ్ల నొప్పులు. స్టీరింగ్ పక్కన చెయ్యి మెలితిప్పి చాబీ తిప్పడమే ఆమెకు పెద్ద పని. "గీ బటన్ లేకుంటే నేను బండి నడపడమే బంద్ చేసేదాన్ని" అంది. ఆమెకు మిగతా లెక్కలేవీ అవసరం లేదు. రోజూ ఇంటి నుంచి బడికి ఒక్కతే పోయొస్తుంది, చాబీ ఎప్పుడూ హ్యాండ్‌బ్యాగ్‌లోనే.

ఈ చాబీతో పాటించాల్సినవి కొన్ని. సెల్‌ఫోన్, చాబీ ఒకే జేబులో పెట్టకండి, ఫోన్ పక్కనుంటే ఒక్కోసారి కారు చాబీని గుర్తు పట్టదు. ఎండలో డ్యాష్‌బోర్డు మీద వదలకండి. ఎక్కువ చాబీల్లో ఉండేది సీఆర్ 2032 సెల్లు, వాచీల షాపులో వంద రూపాయల లోపే దొరుకుతుంది, ఏడాది రెండేళ్లు వస్తుంది. పల్లెల్లో కారును అరుగుకు ఆనించి పెడతారు, చాబీని ఆ గోడకే లోపలివైపు మేకుకు తగిలిస్తారు. ఆ దూరం మీటరు కూడా ఉండదు. బయట ఎవరు పిడి పట్టుకున్నా తెరుచుకునే అవకాశం ఉంది, కారు ఊరికూరికే పలకరిస్తుంటే సెల్లు కూడా తొందరగా అయిపోతుంది. చాబీ జాగా లోపలి గదిలోకి మార్చండి.

ఇంజన్ బంద్ చేశామో లేదో మరిచిపోవడం ఇంకొకటి. హైబ్రిడ్ బండ్లలో ఇంజన్ ఆగి ఉన్నట్టే ఉంటుంది, తర్వాత దానంతటదే మొదలవుతుంది. షట్టర్ గదిలో బండి పెట్టేవాళ్లు దిగేముందు మీటర్ ఆరిందో లేదో చూసుకోవాలి. మూసిన గదిలో పొగ ప్రాణం తీస్తుంది.

మామూలు చాబీ: పాతదనుకుంటాం గానీ

మిర్యాలగూడ బావకు డబ్బుకు కొదవ లేదు. అయినా మిల్లు పనికి వాడే కారు చాబీదే తీసుకున్నాడు. ఆ బండిని పొద్దున గుమాస్తా బ్యాంకుకు తీసుకుపోతాడు, మధ్యాహ్నం మెకానిక్ స్పేర్ పార్టుల కోసం, సాయంత్రం బావ ఇంటికి. చాబీ ఆఫీసులో మేకుకు వేలాడుతుంది. మేకుకు చాబీ ఉంటే బండి మిల్లులో ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. చాబీ లేకుండా బండి కదలదు, కాబట్టి బండీ చాబీ ఎప్పుడూ కలిసే ఉంటాయి. మాకు ప్రకాశం బజార్‌లో జరిగింది ఆయనకు జరగనే జరగదు.

సెల్లు అయిపోయినా దీనికి దిగులు లేదు. రిమోట్ ఆగుతుంది, చాబీ ఆగదు. దొంగతనాన్ని ఆపే ఇమ్మొబిలైజర్ చిప్‌కు సెల్లుతో పని లేదు. పోతే కొత్తది చేయించడం కూడా సులువే. అయితే వీధిలో కోసిచ్చే ఉత్త ఇనుప చాబీతో డోరు తెరుచుకుంటుంది గానీ ఇంజన్ మొదలవదు, చిప్‌ను బండికి నేర్పించాల్సిందే.

నీళ్ల సంగతి చెప్పాలి. సాగర్‌లో, బీచుపల్లిలో కృష్ణా స్నానానికి పోతే చాబీ ఎక్కడ పెట్టుకోవాలి? మా చిన్నాయన పాత బండికి రిమోట్ లేని రెండో చాబీ ఉండేది. దాన్ని మొలతాడుకు కట్టుకుని మునిగేవాడు. 2016 కృష్ణా పుష్కరాల్లో కూడా అట్లానే మునిగాడు. స్మార్ట్ కీతో ఆ పని కుదరదు. కారు లోపల వదిలి లాక్ చేద్దామంటే చాలా బండ్లు ఒప్పుకోవు, చాబీ లోపలుందని అరుస్తాయి. ఒకరు గట్టు మీద కూర్చోవాలి, లేదంటే గాలి చొరని ప్లాస్టిక్ పౌచ్‌లో మెడకు వేసుకోవాలి. చెరువుగట్టు అమావాస్య జాతరలో ఎవరికైనా చాబీ అప్పగించి కోనేటికి పోయారనుకోండి, ఆ మనిషి గుంపులో కలిసిపోతే రెండు రకాల చాబీకీ కష్టమే. అందులో తేడా లేదు.

నారు మడుల్లోంచి బురద చేతులతో వచ్చేవాళ్లకు, పత్తి జోకే కాడ రోజంతా నిలబడేవాళ్లకు నేను మామూలు చాబీయే చెప్తాను.

కిరాయి బండ్లు తిప్పేవాళ్లు

జడ్చర్ల దోస్తు దగ్గర రెండు రకాలూ ఉన్నాయి. అతని ఫిర్యాదు వేరు: డ్రైవర్లు బటన్ బండిని బంద్ చేశామనుకుని యాక్సెసరీ మోడ్‌లో వదిలి పోతారు. క్లచ్ తొక్కకుండా బటన్ నొక్కితే ముందు పాటల సిస్టం వెలుగుతుంది, ఇంకోసారి నొక్కితే మీటర్ మొత్తం. అట్లా వదిలేసి భోజనానికి పోతే పెద్ద బ్యాటరీ దిగిపోతుంది. బ్యాటరీ పూర్తిగా దిగాక ఊర్లో పదిమందిని పిలిచి తోయించినా లాభం లేదు. చాబీ బండయినా కరెంటు లేకుంటే ఇంజన్ కంప్యూటర్ మేల్కోదు, కానీ బ్యాటరీ కొంత మిగిలి ఉన్న మాన్యువల్ బండిని సెకండ్ గేర్‌లో తోసి లేపడం చాబీతో తేలిక. అతను ప్రతి బండిలో, ఇంకో బండి బ్యాటరీ నుంచి కరెంటు తీసుకునే జంపర్ కేబుళ్లు పెట్టించాడు. చేతులు మారే బండికి చాబీయే నయమన్నది అతని తీర్పు కూడా.

దొంగ భయం ఎంత నిజం

స్మార్ట్ కీని రిలే పద్ధతిలో మోసం చేయొచ్చు. ఇద్దరు దొంగలు, రెండు పెట్టెలు. ఒకడు ఇంటి గోడ దగ్గర, చాబీకి దగ్గరగా నిలబడతాడు. ఇంకొకడు కారు దగ్గర. కారు పిలుపును చాబీ దాకా మోసుకుపోతే, చాబీ పక్కనే ఉందని కారు నమ్ముతుంది. కోడ్ విప్పాల్సిన పనే లేదు. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు 2011లో 8 కంపెనీల 10 మోడళ్ల మీద ఈ పని చేసి చూపించారు. జర్మనీ, బ్రిటన్‌లలో ఇది పెద్ద తలనొప్పి. కొత్త చాబీలకు రెండు మందులొచ్చాయి: కదలకుండా ఉంటే నిద్రపోయే చాబీ ఒకటి, సిగ్నల్ వచ్చిపోయే సమయాన్ని కొలిచి నిజంగా దగ్గరుందో లేదో తేల్చే అల్ట్రా వైడ్‌బ్యాండ్ ఇంకొకటి. మీరు చూస్తున్న కారులో ఏదైనా ఉందేమో అడగండి. లేకుంటే సిగ్నల్ పోనివ్వని పౌచ్ కొనుక్కోండి, లేదా మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టి, కారు దగ్గర నిలబడి తెరుచుకుంటుందో లేదో మీరే పరీక్షించండి.

అయితే చాబీ కారుకు దొంగ భయం లేదనుకోకండి. స్టీరింగ్ కింద మెకానిక్‌లు కంప్యూటర్ తగిలించే ఓబీడీ పోర్టుకు ట్యాబ్ లాంటి పరికరం తగిలించి కొత్త చాబీని బండికి నేర్పించిన ముఠాలను ఢిల్లీ పోలీసులు పట్టుకున్నారు. ఆ పద్ధతికి బటన్ అయినా చాబీ అయినా ఒకటే. స్టీరింగ్‌కు అడ్డంగా వేసే ఇనుప లాక్ రెండింటికీ పనికొస్తుంది. చూడ్డానికి మొరటుగా ఉంటుంది, అయినా నేను వేస్తాను.

ఇన్సూరెన్స్ సంగతి చాలామందికి తెలియదు. కారు పోతే క్లెయిమ్ చేసేటప్పుడు కంపెనీ రెండు చాబీలూ అడుగుతుంది. ఒకటి ఎక్కడో పారేసుకుని ఊరుకుంటే అక్కడ చిక్కొస్తుంది. పోయిన రోజే పోలీసులకు, ఇన్సూరెన్స్ వాళ్లకు రాతపూర్వకంగా చెప్పి, ఆ చాబీని బండి మెమరీలోంచి తీసేయించండి. స్మార్ట్ కీ కారు కొనేవాళ్లు పాలసీలో చాబీ మార్పిడి యాడ్-ఆన్ ధర అడిగి చూడండి. సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే రెండో చాబీ లేని బండికి ఆ ఖర్చు తగ్గించి బేరమాడండి, కొన్నాక పాత చాబీలన్నీ తీసేయించి మీ చేతిలో ఉన్నవే నేర్పించుకోండి.

ఫోన్ కీ, బయటి కిట్

ఫోన్ కీలో రెండు రకాలు. బ్లూటూత్‌తోనో, ఫోన్‌ను డోరుకు ఆనిస్తేనో తెరుచుకునేవి ఒకటి. హ్యుందాయ్ 2024 అల్కజార్‌లో ఇచ్చినలాంటిది. దీనికి నెట్‌వర్క్ అక్కర్లేదు. యాప్ ద్వారా ఇంటర్నెట్‌లో తాళం తీసేవి రెండోది. శ్రీశైలం దారిలో మన్ననూర్ దాటి అడవిలోకి పోయాక సిగ్నల్ ఆడుతూ పోతూ ఉంటుంది, ఈ రెండో రకాన్ని నమ్మి దోమలపెంట దాకా పోవద్దు. ఏ రకమైనా ఫోన్ కీని అదనపు చాబీగానే చూడండి. హైదరాబాద్‌లో ఉన్న కొడుకుకు ఊర్లో కారు చాబీ పంపగలగడం మంచిదే గానీ, ఫోన్ చార్జింగ్ లేని రోజున చేతిలో అసలు చాబీ ఉండాలి.

ఇక చాబీ కారుకు బయట షాపులో బటన్ కిట్ బిగించడం: వద్దు. ఇగ్నిషన్ వైర్లు కోసి అతికిస్తారు, కంపెనీ వారంటీ పోతుంది, ఇమ్మొబిలైజర్ పని చేయడానికి మీ అసలు చిప్పును డ్యాష్‌బోర్డు కిందే ఎక్కడో దాచిపెట్టే కిట్లు కూడా ఉన్నాయి. చాబీని బండిలోనే వదిలినట్టు!

బుక్ చేసే ముందు షోరూంలో

సేల్స్ అబ్బాయిని ఈ పనులు చేసి చూపించమనండి. సెల్లు తీసేసిన చాబీతో డోరు తెరిచి బండి స్టార్ట్ చేయడం. చాబీని బయట ఎవరికైనా ఇచ్చి, నడుస్తున్న బండి ఎట్లా అరుస్తుందో వినిపించడం. ప్రయాణంలో అత్యవసరంగా ఇంజన్ ఆపాలంటే బటన్ ఎన్ని సెకన్లు పట్టి ఉంచాలో చెప్పడం. కొత్త చాబీ ధర, ఎన్ని రోజుల్లో వస్తుందో సర్వీస్ కౌంటర్‌లో రాయించుకోవడం. సగంమంది మొదటిదాని దగ్గరే మాన్యువల్ తెరుస్తారు. తెరవనివ్వండి, మీరూ పక్కన నిలబడి చదవండి.

చిన్నాయనను నేనడిగింది ఒక్కటే, బండి ఎవరెవరు నడుపుతారని. వేళ్లు మడిచి లెక్కపెట్టాడు: తాను, పెద్దకొడుకు, చిన్నల్లుడు, కురుమూర్తి జాతరకు పిలిచే డ్రైవర్. నాలుగో వేలు దగ్గర ఆగి, "అయితే చాబీదే తీస్కుంట" అన్నాడు. మిగిలిన డబ్బులో వెనక కెమెరాకు కొంత పక్కన పెట్టి, మిగతాది బోరు మోటారుకు పెడతానన్నాడు. చిన్నమ్మ మాత్రం ఇంకా బటన్ వైపే ఉంది. మా ఇంట్లో బటన్ బండి అట్లాగే ఉంది, ప్రతి ఉగాదికి రెండు చాబీల సెల్లులూ మారుస్తున్నాం, ఇంటామె నన్ను ఎక్కడ దించినా ముందు నా జేబు తడుముతుంది.